మూరన్నర తేడాలో పుట్టిన ఊరు: గుంతకల్లు

గుత్తికి కోట ఉంది. విజయనగర రాజులు, మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే, హైదర్ అలీ, టిప్పు సుల్తాను, నైజాము, చివరికి ఈస్టిండియా కంపెనీ, ఇంతమంది ఆ కోట కోసం కొట్టుకున్నారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. కోర్టు, కచేరీ, తాలూకా ఆఫీసు, వకీళ్లు, సంత, అన్నీ అక్కడే. ఆ గుత్తికి 30 కిలోమీటర్లు కూడా లేని దూరంలో గుంతకల్లు అనే పల్లె ఉండేది. ఒక దర్గా, కొన్ని ఇళ్లు, చుట్టూ మెట్ట పొలాలు. ఇవాళ లెక్క తిరగబడింది. 2011 జనాభా లెక్కల్లో గుంతకల్లు లక్షా పాతిక వేలు దాటింది. గుత్తి అందులో సగానికి కూడా రాలేదు.

రైలు వచ్చింది కాబట్టి పెరిగింది అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ రైలు గుత్తికీ వచ్చింది, గుంతకల్లు కంటే ముందే వచ్చింది. తాడిపత్రికీ, ఆదోనికీ రైలు ఉంది. పట్టాలు పడిన ప్రతి ఊరూ రైల్వే ఊరు కాలేదు. మరి గుంతకల్లు ఎందుకైంది? దీనికి సమాధానం నాలుగైదు పొరల్లో ఉంది. ఒక్కో పొరా విప్పుకుంటూ పోవాలి.

మొదటి పొర బొంబాయి, మద్రాసు. 1850ల్లో కంపెనీ ప్రభుత్వానికి ఈ రెండు రేవులనూ పట్టాలతో కలపాలని ఉంది. పత్తి, సైన్యం, టపా, అన్నీ త్వరగా కదలాలి. బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చాయి. పెట్టిన పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి ఖాయమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. నష్టం వస్తే భరించేది ఈ దేశపు రైతు కట్టిన శిస్తు. మద్రాసు లైను అరక్కోణం దగ్గర వాయవ్యానికి తిరిగి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా ఎక్కింది. 1871లో రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలూ కలిశాయి.

ఇక్కడే ఒక ఊరికి అన్యాయం జరిగింది. బళ్లారి. ఆ రోజుల్లో, నైజాము కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాల్లో బళ్లారి పెద్ద జిల్లా కేంద్రం, పెద్ద దండు ఉన్న ఊరు. (రాయలసీమ అన్న పేరు అప్పటికి లేదు. ఆ పేరు 1928 నాటి నంద్యాల సభలో వచ్చింది.) గుత్తి తాలూకా కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోదే, అనంతపురం జిల్లా విడిపోయింది 1882లో. అయితే గుత్తి నుంచి రాయచూరుకు నేరుగా గీత గీస్తే అది ఆదోని మీదుగా పోతుంది, బళ్లారి పడమర పక్కకు మిగిలిపోతుంది. బళ్లారి కోసం మెయిన్ లైనును వంకర తిప్పితే మైళ్లు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకని మెయిన్ లైను తిన్నగా వేసి, బళ్లారికి ఒక కొమ్మ తీశారు. ఆ కొమ్మ తీయడానికి వీలైన చోటు గుంతకల్లు. అక్కడి నుంచి బళ్లారి 50 కిలోమీటర్లు. నేల చదునుగా ఉంటుంది, కొండలు అడ్డం రావు, దాటాల్సిన పెద్ద ఏరు హగరి (వేదవతి) ఒక్కటే.

అంటే గుంతకల్లును ఎవరూ కావాలని ఎంచుకోలేదు. బళ్లారిని దారిలో వదిలేసినందుకు వేసిన అతుకు అది. ఈ విషయం గుర్తు పెట్టుకుంటే తర్వాతి కథంతా సులువుగా అర్థమవుతుంది. అయితే కొమ్మ లైను పుట్టిన చోటల్లా పట్టణం లేవదు. అక్కడ దిగి బళ్లారి బండి ఎక్కేవాళ్లకు ఒక ప్లాట్‌ఫారం, ఒక నీళ్ల తొట్టి, నాలుగు బల్లలు చాలు. గుంతకల్లు మొదటి పదిహేనేళ్లూ అలాంటి చోటే.

దాన్ని మార్చింది కరువు.

1876లో వానలు పోయాయి. ఆ ఏడు ధాత నామ సంవత్సరం. సీమలో దాన్ని ధాత కరువు అంటారు. 1878 దాకా సాగిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దిబ్బలైపోయాయి. అప్పటికే మద్రాసు నుంచి బళ్లారి దాకా రైలు ఉంది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఆ రైల్లోనే వచ్చింది. కానీ స్టేషన్లో బస్తాలు ఉన్నా పల్లెకు చేరేవి కావు. మేత లేక ఎద్దులు చచ్చిపోయాయి. బండి కట్టడానికి ఎద్దు లేనప్పుడు రైలు స్టేషన్ ఇరవై మైళ్ల దూరంలో ఉన్నా ఒకటే, రెండు వందల మైళ్ల దూరంలో ఉన్నా ఒకటే. పైగా ధాన్యం ధర కూలివాడి చేతికి అందనంత పైకి పోయింది. కొనే శక్తి పోయినవాడికి స్టేషన్లో గుట్టగా పోసిన ధాన్యం కంటితో చూడటానికే. సహాయపు పనుల్లో కూలి కూడా తగ్గించమని, కరువు చూడటానికి వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆదేశించాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిగా చిల్లర. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని అప్పుడే చాలామంది మొత్తుకున్నారు.

కరువు తర్వాత వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. కరువు ప్రాంతాలకు ఇంకా రైలు మార్గాలు వేయాలన్నది అందులో ఒక ముఖ్యమైన సిఫారసు. కూలివాడి జేబులో డబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్న కంటే పట్టాల మైళ్లు లెక్కపెట్టడం ప్రభుత్వానికి తేలిక. ఆ విమర్శ న్యాయమైనదే అని నేనూ అనుకుంటాను. కానీ గుంతకల్లు కథకు సంబంధించినంత వరకు ఆ సిఫారసే పునాది. పంటకు భరోసా ఉన్న కృష్ణా డెల్టాను, పంట పోయే బళ్లారి మెట్టను కలుపుతూ తూర్పు పడమరలుగా ఒక లైను వేయాలనుకున్నారు. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ చేతిలో ఈ కరువు లైన్ల పని పడింది.

ఇక్కడికి రెండో పొర వస్తుంది. గేజి. రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. డల్హౌసీ కాలంలో మన దేశానికి అయిదడుగుల ఆరంగుళాల గేజి, అంటే 1,676 మిల్లీమీటర్లు, ఖరారు చేశారు. అదే బ్రాడ్ గేజి. మద్రాస్ రైల్వే ఈ లెక్కనే పట్టాలు వేసింది. బండి నిలకడగా ఉంటుంది, బరువు బాగా లాగుతుంది, కానీ ఖర్చు ఎక్కువ. 1870లో మేయో వైస్రాయిగా ఉండగా ఖర్చు తగ్గించడానికి మీటర్ గేజి తెచ్చారు. సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. చిన్న ఇంజిన్లు, తేలిక పట్టాలు, ఇరుకు వంతెనలు, తక్కువ మట్టి పని. రాబడి తక్కువగా ఉండే చోట, కరువు ప్రాంతాల్లో, ఇవి చాలులే అనుకున్నారు. సదరన్ మరాఠా కంపెనీ లైన్లన్నీ మీటర్ గేజి.

రెండింటికీ తేడా 676 మిల్లీమీటర్లు. మన లెక్కలో మూరన్నర.

బళ్లారి–హోస్పేట మీటర్ గేజి లైను 1884లో తెరిచారు. అది గదగ్, హుబ్లి వైపు సాగి, 1888 నాటికి గోవాలోని మార్ముగోవా రేవు లైనుతో కలిసింది. బళ్లారి దగ్గర మాత్రం ఆ చిన్న పట్టాలు వచ్చి మద్రాస్ రైల్వే వాళ్ల పెద్ద పట్టాలకు ఎదురుపడ్డాయి. రెండు గేజిలు ఎదురైన చోట సరుకు దించి ఎక్కించాలి. ఆ పని బళ్లారిలోనే స్థిరపడి ఉంటే ఇవాళ నేను ఈ వ్యాసం బళ్లారి గురించి రాసేవాణ్ణి. అలా జరగలేదు. మీటర్ గేజి లైనును తూర్పుకు, నంద్యాల మీదుగా బెజవాడ దాకా పొడిగించాలంటే బళ్లారి, గుంతకల్లు మధ్య ఉన్న 50 కిలోమీటర్లలోనూ అదే గేజి ఉండాలి. 1887లో ఆ ముక్క మీటర్ గేజి అయింది. ఆ రోజుతో గేజి మారే చోటు బళ్లారి నుంచి గుంతకల్లుకు జరిగింది. 1890 నాటికి మార్ముగోవా నుంచి బెజవాడ వైపు దాకా ద్వీపకల్పాన్ని అడ్డంగా కోస్తూ మీటర్ గేజి లైను పూర్తయింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే అనంతపురం, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు మరో మీటర్ గేజి లైను వచ్చి కలిసింది.

గుంతకల్లు మధ్యలో నిలబడితే అప్పటికి అయిదు దిక్కులకు దారి. గుత్తి మీదుగా మద్రాసు, ఆదోని మీదుగా బొంబాయి: ఈ రెండూ పెద్ద పట్టాలు. బళ్లారి మీదుగా గోవా, డోన్ మీదుగా బెజవాడ, అనంతపురం మీదుగా బెంగళూరు: ఈ మూడూ చిన్న పట్టాలు. పెద్ద పట్టాల మీది బండి చిన్న పట్టాల మీదికి పోలేదు. మనిషైనా, మూటైనా, మేకైనా, పియానో అయినా గుంతకల్లులో దిగాల్సిందే.

ఈ దిగడం అన్నది ఎంత పనో ఇప్పటివాళ్లకు ఊహించడం కష్టం. ట్రాన్‌షిప్‌మెంట్ షెడ్డు అంటే పొడుగాటి రేకుల కప్పు, మధ్యలో ఎత్తయిన అరుగు. అరుగుకు ఒక పక్క బ్రాడ్ గేజి పట్టాలు, రెండో పక్క మీటర్ గేజి పట్టాలు. ఇటు ఒక వ్యాగన్, అటు ఒక వ్యాగన్ నిలబెట్టి తలుపులు తెరుస్తారు. హమాలీలు బస్తా వీపున వేసుకుని ఇటు నుంచి అటు నడుస్తారు. పెద్ద వ్యాగన్‌లో పట్టే సరుకు చిన్న వ్యాగన్‌లో పట్టదు. కాబట్టి ఒక వ్యాగన్ ఖాళీ చేయాలంటే ఒకటికి మించిన వ్యాగన్లు సిద్ధంగా ఉండాలి. అవి లేకపోతే సరుకు అరుగు మీదే ఆగుతుంది. ఆగిన సరుకుకు కాపలా కావాలి, వాన వస్తే టార్పాలిన్ కావాలి. కొక్కేలు గుచ్చి లాగిన బస్తా చిరుగుతుంది, చిరిగిన బస్తా కుట్టడానికి దబ్బనం పట్టుకుని ఒకడు కూర్చోవాలి. ఒలికిన గింజలు ఊడ్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లు, పిల్లలు వేరే. లెక్క రాసుకునే గుమాస్తా, లెక్క తేడా వస్తే దావా రాసే గుమాస్తా, ఆ దావా మీద పోట్లాడే వ్యాపారి మనిషి.

రైల్వే లెక్కల్లో ఇదంతా నష్టం. ఆలస్యం, దొంగతనం, తరుగు, కూలి ఖర్చు. గేజి తేడా గురించి రైల్వే ఇంజినీర్లు రాసిన ప్రతి నివేదికలోనూ ఈ ఏడుపు కనిపిస్తుంది. కానీ కంపెనీకి నష్టంగా కనిపించిన ప్రతి అణా గుంతకల్లులో ఎవరో ఒకరి కూలి. వానలు పోయిన ఏట మద్దికెర నుంచి, చిప్పగిరి నుంచి, వజ్రకరూరు నుంచి ఒక కుటుంబం బయలుదేరితే, పంటతో సంబంధం లేకుండా రోజు కూలి దొరికే చోటు చుట్టుపక్కల అదొక్కటే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో ఆ మాటకు ఎంత విలువో సీమవాళ్లకు చెప్పక్కర్లేదు. కరువు తీర్చడానికని వేసిన లైను ఆ కరువును ఎంత తీర్చిందో గానీ, ఆ లైను వేయడంలో పొదుపు కోసం చేసిన తప్పు మాత్రం కొన్ని వేల కుటుంబాలకు అన్నం పెట్టింది.

మనుషులు దిగడం వల్ల ఇంకో రకం ఊరు లేచింది. అర్ధరాత్రి మెయిల్ దిగినవాడికి బళ్లారి బండి తెల్లవారుజామున. గుంటూరు వైపు వెళ్లే కుటుంబానికి పగలంతా కాలక్షేపం చేయాలి. పెళ్లివాళ్లు, తీర్థయాత్రికులు, సిపాయిలు, పత్తి వ్యాపారులు, పరీక్షకు వెళ్లే కుర్రాళ్లు. వీళ్లకు సత్రం కావాలి, స్నానానికి నీళ్లు కావాలి, కులానికొక భోజనశాల కావాలి. ఆ రోజుల్లో స్టేషన్లలో తాగే నీళ్లకు కూడా హిందూ కుండ, ముస్లిం కుండ వేరుగా ఉండేవి. ఉదయం దిగి సాయంత్రం బండి ఉన్నవాళ్లు అయిదారు కిలోమీటర్ల దూరంలోని కసాపురం వెళ్లి నెట్టికంటి ఆంజనేయస్వామిని చూసి వచ్చేవాళ్లు. వ్యాసరాయలు ప్రతిష్ఠించిన స్వామి అని ప్రతీతి. కొందరు పాత గుంతకల్లులో మస్తాన్ వలీ దర్గాకు వెళ్లేవాళ్లు. రెండు చోట్లా మొక్కు తీర్చుకుని బండి ఎక్కేవాళ్లూ ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. మా పెద్దవాళ్ల నోట ఏ ప్రయాణం కథ వచ్చినా ‘గుంతకల్లులో బండి మారాం’ అన్న ముక్క తప్పనిసరిగా ఉండేది. ఎక్కడికి వెళ్లారో మర్చిపోయినా అది మర్చిపోయేవాళ్లు కారు.

మూడో పొర ఆవిరి. బొగ్గు ఇంజిను మనిషి లాగే ఆగుతుంది, తాగుతుంది, తింటుంది, అలుపు తీర్చుకుంటుంది. కొన్ని పదుల మైళ్లకు ఒకసారి వేల లీటర్ల నీళ్లు పోయాలి. నూరు, నూటయాభై మైళ్లు నడిచాక నిప్పు తీసి బూడిద దులపాలి, గొట్టాలు శుభ్రం చేయాలి. అందుకని లైను పొడుగునా కొన్ని చోట్ల లోకో షెడ్లు పెట్టి, అక్కడ ఇంజినూ, దాన్ని నడిపే సిబ్బందీ మారేలా ఏర్పాటు చేశారు. మద్రాసుకు 440 కిలోమీటర్లు, రాయచూరుకు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంతకల్లు అలాంటి మజిలీకి సరిపోయింది. పైగా రెండు గేజిలు కాబట్టి రెండు రకాల ఇంజిన్లు, రెండు షెడ్లు. 1908 దాకా రెండు కంపెనీలు కూడా వేరు. మద్రాస్ రైల్వే మనుషులు వేరు, సదరన్ మరాఠా మనుషులు వేరు. ఒక ఊళ్లో ఏ పని చూసినా రెండింతలు. 1908 జనవరి 1న రెండూ కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యాక గుంతకల్లు ఒకే కంపెనీ చేతికి వచ్చింది. ఎం.ఎస్.ఎం. అంటే ముసలివాళ్లకు ఇప్పటికీ తెలుసు.

షెడ్డు అన్నాక ఇరవై నాలుగు గంటలూ పనే. డ్రైవరు, ఫైర్‌మన్, బొగ్గు కొట్టేవాడు, ఫిట్టరు, క్లీనరు, గార్డు, పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్, కీమన్. వీళ్లలో ఎవరికీ పగలు, రాత్రి అన్న నియమం లేదు. కాల్‌బాయ్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. ఫలానా బండికి డ్యూటీ పడిందని ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి లేపడం, పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం అతని పని. సూర్యుణ్ణి బట్టి లేచే పల్లె పక్కనే, గడియారాన్ని బట్టి లేచే ఊరు అలా తయారైంది. నెల తిరిగేసరికి జీతం అందే మనుషులు అంతమంది ఒకచోట చేరడం ఆ మెట్ట ప్రాంతానికి కొత్త. జీతం నిఖార్సుగా వస్తుందని తెలిసి షావుకారు అప్పు పెడతాడు, దర్జీ కొట్టు పెడతాడు, బడి పెట్టడానికి పంతులు వస్తాడు.

ఆ ఊరి ఆకారం కూడా రైల్వే గీసిందే. పట్టాలకు ఒక పక్క కాలనీ. వరుసలు తీర్చిన క్వార్టర్లు, చెట్లు నాటిన రోడ్లు, ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, చర్చి. తెల్లవాళ్లకు, ఆంగ్లో ఇండియన్లకు పెద్ద బంగళాలు. ఆ పైన హోదాను బట్టి ఇల్లు చిన్నదవుతూ పోయి చివర్లో గ్యాంగ్‌మన్ ఒక్క గది దగ్గర ఆగుతుంది. మెయిల్ బండ్ల డ్రైవరు ఉద్యోగాలు చాలాకాలం తెల్లవాళ్లవి, ఆంగ్లో ఇండియన్లవి. గుమాస్తా పనుల్లో తమిళులు ఎక్కువ, ఎందుకంటే కంపెనీ ఆఫీసు మద్రాసులో ఉంది, ఇంగ్లీషు చదువు వాళ్లకు ముందు అందింది. హుబ్లి వైపు నుంచి కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు వచ్చారు. ఊళ్లో ఉర్దూ ముందే ఉంది. బొగ్గు మోసేవాడు, పట్టాలు సరిచేసేవాడు మాత్రం చుట్టుపక్కల తెలుగు పల్లెలవాడు. పట్టాలకు రెండో పక్క బజారు, కొట్లు, గుడిసెలు, దూరంగా పాత గుంతకల్లు. అక్కడ ప్లాను లేదు, కొళాయి లేదు. ఒకే ఊరు పేరు మీద రెండు ఊళ్లు.

ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్నది ఒక రైల్వే గేటు. 1893 అక్టోబరు 4న ఆ గేటు దగ్గర జరిగినది గుంతకల్లులో ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తెలియాలి. బళ్లారిలో దండు ఉంది కాబట్టి తెల్ల పటాలాలు రైలు మారడానికి గుంతకల్లులో దిగేవి, కొన్నిసార్లు అక్కడే గుడారాలు వేసేవి. ఆ రోజు కొందరు సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. వాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి గేటు గుడిసెలో తలదాచుకున్నారు. గేట్‌మన్ పేరు హంపన్న. గూళ్యపాళ్యానికి చెందినవాడు. నెలకు కొన్ని రూపాయల జీతగాడు. అతను అడ్డం నిలబడ్డాడు, పక్కకు జరగలేదు. తుపాకీ పేల్చారు. తూటా తగిలి హంపన్న ప్రాణం పోయింది.

గుత్తిలో వకీలుగా ఉన్న కేశవపిళ్లె ఆ సంగతిని వదిలిపెట్టలేదు. ఆయన ‘హిందూ’ పత్రికకు వార్తలు రాసేవాడు, 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెస్ సభకు వెళ్లివచ్చినవాడు. ఆయన రాసిన రాతల వల్ల విషయం మద్రాసు దాకా పాకింది, కేసు హైకోర్టుకు ఎక్కింది. నిందితుడైన సిపాయి నిర్దోషిగా బయటికి వచ్చాడు. తెల్లవాడి మీద కేసుల్లో ఆ రోజుల్లో అలాగే జరిగేది. గుత్తిలో హంపన్న సమాధి ఉంది. రైల్వే ఊరు ఎలా పుట్టిందని చెప్పేటప్పుడు ఇంజినీర్లు, వైస్రాయిలు, కంపెనీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ పేర్లన్నిటికంటే ముందు హంపన్న పేరు చెప్పాలనిపిస్తుంది. ఊరికి అప్పటికి సరిగా వయసే రాలేదు. దానికొక మర్యాద ఇచ్చినవాడు ఆయన.

ఇప్పుడు అసలు ప్రశ్నకు మళ్లీ వద్దాం. గుంతకల్లు పెరిగింది సరే, ఎందుకు నిలిచింది? ఈ ప్రశ్న ఎందుకంటే, ఆవిరి కాలంలో వెలిగిన రైల్వే ఊళ్లు మనకు మరికొన్ని ఉన్నాయి. నెల్లూరు జిల్లా బిట్రగుంట తీసుకోండి. మద్రాసుకు, బెజవాడకు ఇంచుమించు మధ్యన ఉంది కాబట్టి అక్కడ పెద్ద లోకో షెడ్డు పెట్టారు. ఊరంతా రైల్వేదే. కడప జిల్లా నందలూరు తీసుకోండి. చెయ్యేటి నీళ్లు, మెయిన్ లైను, పెద్ద షెడ్డు. రెండూ ఒక వెలుగు వెలిగాయి. డీజిలు, కరెంటు ఇంజిన్లు వచ్చాక నీళ్లు తాగడానికి, బొగ్గు తినడానికి ఆగాల్సిన పని లేకపోయింది. షెడ్లు మూతపడ్డాయి, క్వార్టర్లు పాడుబడ్డాయి, ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగకుండా పోసాగాయి. ఆ ఊళ్లు ఇంజిను దాహం మీద మాత్రమే ఆధారపడ్డాయి.

గుంతకల్లుకు దాహంతో పాటు ఇంకో రెండు ఆధారాలున్నాయి. అయిదు దిక్కుల జంక్షన్, గేజి తేడా. ఒకటి పోయినా ఇంకొకటి నిలబెట్టింది. ఈ మధ్యలో మూడోది కూడా తోడైంది. అది ఆఫీసు. 1951లో ఎం.ఎస్.ఎం., సౌత్ ఇండియన్, మైసూరు రైల్వేలు కలిసి సదరన్ రైల్వే ఏర్పడింది. 1956లో గుంతకల్లు డివిజన్ పుట్టింది. 1977 అక్టోబరు 2న ఆ డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. డివిజన్ కేంద్రం అంటే డి.ఆర్.ఎం. (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసు, వందలాది గుమాస్తాలు, అధికారులు, ఆసుపత్రి, కంట్రోల్ రూము. ఇంజిన్ల టెక్నాలజీ మారినా కాగితాల పని ఊరు దాటి పోదు. జిల్లా కేంద్రం కాని ఊరికి ఇంతటి ఆఫీసు ఉండటం అరుదు. నా లెక్కలో గుంతకల్లును కాపాడింది చివరికి ఇదే. బిట్రగుంటకు, నందలూరుకు ఇది దక్కలేదు.

పక్కనే పత్తి కూడా ఉంది. ఆదోని, గుంతకల్లు చుట్టూ నల్లరేగడి. రైలు ఉంది కాబట్టి పత్తి మార్కెట్ దగ్గరైంది, నూలు మిల్లు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు గుంతకల్లు బ్రాంచి కాలువలోకి వచ్చాయి. ఇవన్నీ ఊరికి ఊతకర్రలే గానీ వెన్నెముక మాత్రం రైలే.

గేజి తేడా 1980ల నుంచి కరగడం మొదలైంది. ముందు బెంగళూరు వైపు పట్టాలు పెద్దవయ్యాయి. 1992లో దేశమంతా ఒకే గేజి ఉండాలని యూనిగేజ్ పథకం తెచ్చాక ఆ దశాబ్దంలోనే బళ్లారి, నంద్యాల వైపు కూడా మారిపోయాయి. వందేళ్ల పైచిలుకు ఊరికి కూలి పెట్టిన మూరన్నర తేడా అక్కడితో సరి. ట్రాన్‌షిప్‌మెంట్ హమాలీలకు ఆ రోజు పండగ కాదు. దేశానికి లాభం జరిగిందనడంలో సందేహం లేదు. హుబ్లి నుంచి విజయవాడకు, గుంటూరు నుంచి బెంగళూరుకు ఇప్పుడు సరుకు దించకుండా పోతుంది, ధర తగ్గుతుంది. కానీ ఒక ఊరికి అన్నం పెట్టిన పని పోయేటప్పుడు ఆ మనుషులకు ఏం చేద్దామన్న ఆలోచన ఆ పథకంలో ఎక్కడా లేదు. బళ్లారిని వదిలేసినప్పుడూ అంతే, కరువు లైను చవగ్గా కట్టినప్పుడూ అంతే.

ఇప్పుడు ముంబై, చెన్నై మధ్య నడిచే మెయిల్ గుంతకల్లులో కొన్ని నిమిషాలు ఆగుతుంది. ఇంజిను మారదు, నీళ్లు పోయరు. ముందు పెట్టె దగ్గర లోకో పైలట్, అసిస్టెంట్ బ్యాగులు పట్టుకుని దిగుతారు. అవతల ఇద్దరు సిద్ధంగా నిలబడి ఉంటారు. రిజిస్టర్లో రెండు మాటలు రాసి, ఇంజిను ఎలా ఉందో చెప్పుకుని, దిగినవాళ్లు రైలు సిబ్బంది అలుపు తీర్చుకునే రన్నింగ్ రూము వైపు నడుస్తారు. అక్కడ వాళ్ల కోసం అన్నం వండి ఉంటుంది.